హైదరాబాద్‌లో రెండు రోజులు: మంచి క్రాఫ్ట్ బీరు, మంచి తిండి ఎక్కడ?

మంగళగిరి_మధు

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో రైలు దిగుతున్నాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. ఆదివారం రాత్రి బండికి తిరుగు ప్రయాణం. గది ఇంకా తీసుకోలేదు, ఎక్కడ తీసుకోవాలో కూడా మీరే చెప్పాలి.

మా వైపు దొరికేదంతా స్ట్రాంగ్ సీసాలే. గొంతు జివ్వుమనేంత చల్లగా ఉంటే తాగేస్తాం, రుచి గురించి మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు. బావమరిది బెంగళూరులో చదువుకున్నప్పుడు అక్కడి బ్రూపబ్బుల్లో తాగాడు. అప్పటి నుంచి సీసా బీరు ముందు పెడితే ముఖం అదోలా పెడతాడు. హైదరాబాద్‌లో కూడా అక్కడికక్కడే తయారుచేసి పోసే చోట్లు చాలా వచ్చాయట కదా, మంచివి ఏవి?

ఇంకో సంగతి. మా ఆవిడ మందు ముట్టదు, కానీ తిండి దగ్గర అస్సలు రాజీపడదు. మేమిద్దరం గ్లాసులు పట్టుకుని కూర్చుంటే ఆవిడ చల్లారిన ఫ్రెంచ్ ఫ్రైస్ తింటూ ఫోను చూసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. ఈ రెండు రోజుల్లో ఆవిడకి ఈ ఊరి అసలు తిండి తినిపించాలి, మాకు మంచి బీరు పడాలి. ఎలా ప్లాన్ చేసుకోమంటారు?

సనత్‌నగర్_శ్రీను

అన్నా, జూబ్లీహిల్స్‌కి వచ్చేయ్. ప్రోస్ట్, జీరో40, హాపరీ, బ్రాడ్‌వే, వేపర్ అన్నీ ఆ చుట్టుపక్కలే. గచ్చిబౌలి వైపు అయితే ఓవర్ ద మూన్. కానీ బయల్దేరే ముందు ఫోన్ చేసుకో. ఈ ఊళ్లో పబ్బులు చేతులు మారుతుంటాయి, పేరు అదే ఉన్నా లోపల బ్రూవర్ మారిపోతాడు.

బార్లీగింజ

మధు గారూ, పేర్లు శ్రీను గారు చెప్పేశారు. ఏ చోటు అన్నదాని కంటే ఏ టైముకి వెళ్తారన్నదే ముఖ్యం అంటాను నేను.

శనివారం రాత్రి వెళ్లకండి. ఎనిమిది దాటిందంటే డీజే మొదలు, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో అరవాలి. కొన్ని చోట్ల మగవాళ్లకి కవర్ ఛార్జీ కూడా ఉంటుంది. అదే బీరు, అదే కుర్చీ మధ్యాహ్నం పన్నెండున్నరకి ప్రశాంతంగా దొరుకుతాయి. వెయిటర్‌కి తీరిక ఉంటుంది. "ఈ వారం కొత్తగా ట్యాప్ మీదకి వచ్చింది ఏది?" అని అడగండి. తెలియకపోతే లోపలికి వెళ్లి కనుక్కుని వస్తాడు. మీ అదృష్టం బాగుంటే బ్రూవరే బయటికి వచ్చి మాట్లాడతాడు. వాళ్లకి ట్యాంకుల దగ్గర పని పగలే ఉంటుంది.

కూర్చోగానే పెద్ద గ్లాసు చెప్పొద్దు. సాంప్లర్ అడగండి, ఉన్న రకాలన్నీ చిన్న గ్లాసుల్లో వరుసగా తెచ్చి పెడతారు. లేతరంగు నుంచి ముదురు రంగు వైపు వెళ్లండి. ముందే నల్లటి స్టౌట్ తాగితే, ఆ మాడు చేదు నాలుక మీద ఉండిపోయి తర్వాతవి ఏవీ తెలియవు.

మన ఊరి బ్రూపబ్బుల్లో దాదాపు అన్ని చోట్లా ఉండేది హెఫెవైజన్, అంటే జర్మన్ల గోధుమ బీరు. కనీసం సగం గోధుమ మాల్ట్, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గోధుమ ఉంటుంది. గ్లాసు వెలుతురుకి పెట్టి చూడండి, మసకగా, లేత పసుపులో ఉంటుంది. ఆ మసక లోపం కాదు. వడకట్టని ఈస్టు, గోధుమలోని ప్రోటీను కలిసి అలా కనిపిస్తాయి. ముక్కు దగ్గర పెట్టగానే ముందు మగ్గిన అరటిపండు, ఆ వెనకే లవంగం వాసన. అందులో అరటిపండూ వేయరు, లవంగమూ వేయరు. పులిసేటప్పుడు ఆ ఈస్టే ఆ వాసనలు పుట్టిస్తుంది. వేడి కాస్త ఎక్కువైతే అరటిపండు వాసన పెరుగుతుంది, తగ్గితే లవంగం ముందుకొస్తుంది. రెండూ సమంగా తెలుస్తున్నాయంటే బ్రూవర్ ట్యాంకు ఉష్ణోగ్రతని జాగ్రత్తగా చూసుకున్నాడని అర్థం. బెల్జియం పద్ధతి గోధుమ బీరు విట్‌బీర్ వేరు. అందులో నిజంగానే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. సీసా బీరు అలవాటైన వాళ్లకి మొదటి మెట్టుగా నేను ఈ రెండే చెబుతాను.

బ్రూవర్ పనితనం చూడాలంటే మాత్రం లాగర్ అడగండి. గోధుమ బీరులో చిన్న తప్పులు ఈస్టు వాసనల కింద దాక్కుంటాయి. లాగర్‌లో దాక్కోవడానికి చోటు లేదు. పైగా అది చల్లని ట్యాంకులో వారాల తరబడి ఉండాలి. పది పన్నెండు డిగ్రీల్లో నెమ్మదిగా పులిసి, ఆ తర్వాత ఇంకా చల్లగా పడుకోవాలి. ఏల్ రకాలు ఇరవై డిగ్రీల దగ్గర చకచకా పులిసి తొందరగా తయారవుతాయి. ఉన్న నాలుగైదు ట్యాంకుల్లో ఒకదాన్ని అన్ని వారాలు లాగర్‌కి కేటాయించడం చిన్న బ్రూపబ్‌కి ఖర్చుతో కూడిన పని. అందుకే చాలా మంది పెట్టరు, పెట్టినా తొందరపడతారు. శుభ్రంగా, చివర్లో ఏ జిడ్డూ లేకుండా దిగిపోయే లాగర్ పోశారంటే ఆ చోట మిగతా బీర్లన్నీ నమ్మి తాగొచ్చు.

ఇంకొక్క మాట. లాగర్‌లో వెన్న వాసన వస్తే పులియడం పూర్తికాకముందే దించేశారని అనుమానించాలి, లేదా పైపులు శుభ్రంగా లేవు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడింది. గ్లాసు లోపలి గోడకి బుడగలు అతుక్కుని అలాగే ఉండిపోతే గ్లాసు సరిగా కడగలేదు. వీటిలో ఏది కనిపించినా మొహమాటపడకుండా వెనక్కి పంపండి. మంచి చోట మారు మాట్లాడకుండా మార్చి ఇస్తారు.

షాలిబండ_సలీం

మధు భాయ్, బీరు సంగతి నాకు తెలియదు, నేను తాగను. భాభీ గారి తిండి సంగతి నాకు వదిలేయండి.

ఆదివారం పొద్దున్నే పాతబస్తీకి రండి. ఎనిమిది లోపల. ఆ టైములో మదీనా, పత్తర్‌గట్టీ రోడ్ల మీద ట్రాఫిక్ ఉండదు, చార్మినార్ ముందు హాయిగా నిలబడొచ్చు. నయాపూల్ దగ్గర నయాబ్‌లో నెమ్మదిగా ఉడికిన మాంసం పులుసు నహారీ, కాళ్ల పులుసు పాయా, కుల్చా రొట్టె చెప్పండి. పాయా గిన్నె ముందుకి రాగానే ఆవిరి ముఖానికి కొడుతుంది. చెంచా ముంచితే పులుసు వేళ్లకి అంటుకునేంత చిక్కగా ఉంటుంది. కుల్చా తుంచి అందులో ముంచి, మెత్తబడే లోపల నోట్లో పెట్టుకోవాలి. భాభీకి కారం తగ్గాలనుకుంటే నిమ్మకాయ పిండుకోమనండి.

అక్కడి నుంచి నడుచుకుంటూ చార్మినార్ పక్కనే నిమ్రాకి. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. ట్రే పొయ్యిలోంచి అప్పుడే దిగితే బిస్కెట్ విరిచినప్పుడు మధ్యలో ఇంకా మెత్తగా ఉంటుంది. తీపి, ఉప్పు రెండూ తెలుస్తాయి. ప్యాకెట్ కట్టించుకుని రైల్లోకి తీసుకెళ్లండి.

మాంసం తినని రోజైతే గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి దోశ ఉంది. వెన్న, పైన పొడి, జనం గుంపు. కాస్త నిలబడాలి.

మధ్యాహ్నానికి షాదాబ్‌లో బిర్యానీ. పన్నెండున్నర, ఒంటి గంటకి వెళ్లండి, బిర్యానీ వండిన పెద్ద డేగిషా అప్పుడు తెరుస్తారు. సాయంత్రం ఐదింటికి వెళ్లి "బిర్యానీ ఎండిపోయింది" అంటే అది బిర్యానీ తప్పు కాదు. రంజాన్ నెలలో వస్తే మాత్రం ఈ లెక్కంతా మారిపోతుంది. పగలు చాలా హోటళ్లు మూసి ఉంటాయి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా హలీమ్. మన హలీమ్‌కి 2010లో జీఐ, అంటే ఈ ప్రాంతపు సొంత వంటకమన్న గుర్తింపు కూడా వచ్చింది.

మంగళగిరి_మధు

సలీం భాయ్, చదువుతుంటేనే ఆకలేస్తోంది. బార్లీగింజ గారూ, మీరు రాసింది బావమరిదికి చదివి వినిపించాను, ప్రింటు తీసి జేబులో పెట్టుకుంటానంటున్నాడు.

ఒక సందేహం. బిర్యానీ, మంచి బీరు ఒకే టేబుల్ మీద దొరికే చోటు ఉందా? మా వాడికి అదే కోరిక.

షాలిబండ_సలీం

మీరు పేరు వినే పాత బిర్యానీ హోటళ్లలో మందు ఉండదు భాయ్. షాదాబ్ కానీ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీ కానీ. తినడానికే వెళ్లాలి.

బార్లీగింజ

పబ్బుల్లో బిర్యానీ మెనూలో ఉంటుంది మధు గారూ, కానీ నేను చెప్పను. బిర్యానీ ఒక పెద్ద కుండలో, ఎక్కువ మందికి, ఒక టైముకి దమ్ అయ్యే వంట. పబ్ వంటగదిలో ఆర్డర్ వచ్చినప్పుడల్లా ఒక్కో ప్లేటు చేస్తే ఆ రుచి రాదు. పైగా అది కడుపు నింపేస్తుంది, మూడో గుక్కకే బీరు బరువెక్కుతుంది. రెండింటినీ వేర్వేరు పూటలకి పెట్టుకోండి.

మారేడ్‌పల్లి_మూర్తి

బార్లీగింజ మాటతో ఏకీభవిస్తాను, చిన్న సవరణతో. బీరు పక్కన ఏం తినాలన్నది హైదరాబాద్ బార్లు ఎప్పుడో తేల్చేశాయి. బ్రూపబ్బులు రాకముందు నుంచీ, అంటే తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు తేకముందు నుంచీ ఇక్కడ స్టఫ్ అంటే అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్.

బాబూ మధూ, మీ ఆవిడకి ఆ రెండూ తప్పకుండా చెప్పండి. అపోలో ఫిష్‌కి ముల్లు లేని చేప ముక్కలు కావాలి, కొర్రమీను అయితే మహారాజు. పల్చటి పూతతో వేయించి, ఆ తర్వాత కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి, వెల్లుల్లి, కాస్త పెరుగుతో పెద్ద మంట మీద తిప్పుతారు. ముక్క పైన తడి మెరుపు ఉండాలి కానీ గిన్నె అడుగున నూనె నిలవకూడదు. మెజెస్టిక్‌కి కోడి మాంసం పొడుగ్గా కోసి మజ్జిగలో నానబెడతారు, అందుకే వేగినా లోపల మెత్తగా ఉంటుంది. ఈ రెండు ప్లేట్లు ఎలా వచ్చాయో చూస్తే ఆ వంటగది సంగతి తెలిసిపోతుంది. బ్రూపబ్‌లో పిజ్జా, నాచోస్ చెప్పి తిండి బాగాలేదనే వాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆ వంటవాళ్లలో చాలా మంది చేతికి అలవాటైన వంట ఇది.

కారం బాగా తగిలిన వాటితో గోధుమ బీరే తీసుకోండి.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

మూర్తి గారూ, కారానికి ఐపీఏ బాగుంటుందని చదివాను కదా?

బార్లీగింజ

మన కారానికి కాదు. ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, అందులో హాప్స్ అనే పువ్వుల చేదు గట్టిగా ఉంటుంది. మిరపకాయ మంట మీద ఆ చేదు, గ్యాస్ చురుకు పడితే మంట ఇంకా పైకి లేస్తుంది. గుంటూరు మిర్చి వేసిన కోడి వేపుడుతో ఒకసారి ప్రయత్నించి చూడండి, రెండో గుక్క తర్వాత నీళ్ల కోసం వెతుక్కుంటారు. గోధుమ బీరు మెత్తగా, కాస్త తియ్యగా ఉంటుంది, మంటని అణుస్తుంది. వేయించిన చేపతో విట్‌బీర్ పెట్టుకోండి. చేప మీద నిమ్మకాయ, ధనియాల పొడి ఏం చేస్తాయో గ్లాసులోని నారింజ తొక్క, ధనియాలు అదే చేస్తాయి. బొగ్గుల మీద కాల్చిన కబాబులకి స్టౌట్. మాల్ట్ కాలిన రుచి, మాంసం అంచులు కాలిన రుచి ఒక దగ్గరికి చేరతాయి. బ్రెడ్‌తో చేసే తీపి డబుల్ కా మీఠా మెనూలో ఉంటే ఆ స్టౌట్ కొంచెం మిగుల్చుకుని దానితో తాగండి.

ఐపీఏ ఇష్టమైతే ఉప్పు వేసిన పల్లీలతో, చీజ్‌తో తాగండి, అక్కడ దాని అందం తెలుస్తుంది.

మల్కాజ్‌గిరి_వాసు

ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేను చెబుతున్నా. ఒక్క గ్లాసుకి పెట్టే డబ్బుతో వైన్‌షాపు పక్కనే కూర్చుని తాగే పర్మిట్ రూంలో ముగ్గురం కడుపునిండా తాగి తినొచ్చు. బోటి ఫ్రై, లివర్, ఉడికించిన సెనగ గుడాలు, ఉల్లిపాయ. ఆ రుచి జూబ్లీహిల్స్‌లో ఏ పబ్‌లో వస్తుంది? మధ్యతరగతి వాళ్లకి క్రాఫ్ట్ బీరు అనవసరపు ఖర్చు అని నా అభిప్రాయం.

మారేడ్‌పల్లి_మూర్తి

వాసూ, గుడాల సంగతిలో నీతో నూటికి నూరు పాళ్లు నేనూ ఉన్నాను. కానీ ఆయన భార్యతో వస్తున్నారు. పర్మిట్ రూంలో ఆవిడని ఎక్కడ కూర్చోబెడతారు?

హన్మకొండ_లత

మూర్తి గారు అడిగిందే నేనూ అడగాలనుకున్నా. వాసు అన్నా, ఖర్చు నిజమే, కాదనను. నేనైతే నెలకి ఒకసారే వెళ్తాను, ఒకటో రెండో గ్లాసులు, అంతే. మా స్నేహితురాళ్లతో కలిసి పగటిపూట వెళ్లి కూర్చుంటే ఎవరూ తిరిగి చూడరు. ఊళ్లో ఆడవాళ్లకి అలాంటి చోటు దొరకడమే నాకు పెద్ద విషయం. ఆ డబ్బులో దానికీ భాగం ఉంది.

మధు గారూ, వదినకి తెలంగాణ తిండి కూడా పెట్టించండి. హైదరాబాద్ అనగానే బిర్యానీ, హలీమ్ చెప్పేసి ఊరుకుంటారు. జొన్నరొట్టె, నాటుకోడి కూర, తలకాయ కూర, పచ్చిపులుసు తినకుండా వెళ్తే సగం ఊరు చూడనట్టే. జూబ్లీహిల్స్‌లోనే తెలంగాణ స్పైస్ కిచెన్ ఉంది, బ్రూపబ్ నుంచి ఆటోలో వెళ్లొచ్చు. సర్వపిండి ఎక్కడ కనిపించినా వదలొద్దు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి, గిన్నె అడుగున చేత్తో ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి ఆ చిల్లుల్లో నూనె వేసి కాలుస్తారు. అంచు కరకర, మధ్య మెత్తన. నా మట్టుకు లాగర్ పక్కన దాన్ని మించిన స్టఫ్ లేదు. పబ్బుల్లో ఎందుకు పెట్టరో అర్థం కాదు. ఎవరైనా బ్రూపబ్ వాళ్లు ఈ చర్చ చదువుతుంటే దయచేసి మెనూలో పెట్టండి.

శాకాహారం కావాలంటే అమీర్‌పేటలో కాకతీయ డీలక్స్ మెస్. పప్పు, నెయ్యి, ముద్దపప్పు మీద ఆవకాయ. ఇంటి భోజనం.

సనత్‌నగర్_శ్రీను

అక్కా, కల్లు గురించి చెప్పవా?

హన్మకొండ_లత

మా ఊళ్లో చెట్టు దగ్గర దించింది దించినట్టు తాగితే దాని రుచే వేరు తమ్ముడూ. ఈత కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ దానంతట అదే పులుస్తుంది. ఎవరూ ఈస్టు వేయక్కర్లేదు. కానీ సిటీలో ఎవరు దించారో తెలియని కల్లు తాగమని బయటి నుంచి వచ్చిన వాళ్లకి నేను చెప్పను. మందులు కలిపి అమ్మడం, మనుషుల ప్రాణాలు పోవడం మనం చూస్తూనే ఉన్నాం. రుచి చూడాలంటే నెక్లెస్ రోడ్డు మీద 2023లో ప్రభుత్వం తెరిచిన నీరా కేఫ్ ఉంది. నీరా అంటే చెట్టు నుంచి దించిన, ఇంకా పులియని తియ్యటి రసం కాబట్టి వదిన కూడా తాగొచ్చు. తెరిచి ఉందో లేదో ముందు కనుక్కుని వెళ్లండి.

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

అసలు విషయం ఎవరూ మాట్లాడలేదు. ఎలా తిరుగుతారు?

మధు గారూ, కారు అద్దెకి తీసుకోవద్దు. శుక్ర, శని రాత్రుళ్లు జూబ్లీహిల్స్, మాదాపూర్ రోడ్ల మీద బ్రీత్ అనలైజర్ పట్టుకుని ట్రాఫిక్ పోలీసులు ఉంటారు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారి పట్టుబడినా 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే అవకాశం ఉంది. కోర్టు, కౌన్సెలింగ్ కోసం మళ్లీ హైదరాబాద్ రావాలి. డబ్బు, జైలు అటుంచితే, రోడ్డు మీద ఎదుటివాడి ప్రాణం సంగతి ఆలోచించాలి. "ఒక్కటే తాగాను" అనే మాట అక్కడ పనికిరాదు.

గది అమీర్‌పేట మెట్రో స్టేషన్ దగ్గర తీసుకోండి. సికింద్రాబాద్‌లో దిగి, సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో బ్లూ లైన్ ఎక్కితే నేరుగా అమీర్‌పేట. అదే లైన్‌లో ఇంకాస్త ముందుకి వెళ్తే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, పెద్దమ్మ గుడి, మాదాపూర్. వీటిలో ఒక చోట దిగి ఆటో ఎక్కితే శ్రీను చెప్పిన జూబ్లీహిల్స్ చోట్లన్నీ దగ్గరే. ఆదివారం పాతబస్తీకి అమీర్‌పేటలోనే రెడ్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగండి, అక్కడి నుంచి చార్మినార్‌కి ఆటో. ఒకే స్టేషన్ నుంచి ఒక లైను బీరుకి, ఇంకో లైను బిర్యానీకి. రాత్రి పదకొండు దాటాక మాత్రం మెట్రోని నమ్ముకోకండి, క్యాబ్ పెట్టుకోండి.

దారిలో లక్డీకాపూల్‌లో దిగితే నీలోఫర్ కేఫ్ చాయ్, నాంపల్లిలో దిగితే సుభాన్ బేకరీ బిస్కెట్లు. గాంధీభవన్‌లో దిగితే మొజాంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, చూడ్డానికే వెళ్లొచ్చు. అక్కడి ఐస్‌క్రీమ్ షాపుల్లో సీతాఫలం సీజన్‌లో సీతాఫలం, మామిడి సీజన్‌లో మామిడి. వదినగారికి అది కూడా చెప్పండి.

కూకట్‌పల్లి_సుధ

బిల్లు విషయం ఒకటి. ఈ మధ్య ఒక పబ్‌లో అడగకుండానే సర్వీస్ ఛార్జీ వేశారు. తీసేయమంటే మేనేజర్ చాలాసేపు వాదించాడు. అది కట్టి తీరాల్సింది కాదు. బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఈ మాట నెమ్మదిగా చెబితే తీసేశాడు. బాగా చూసుకున్న వెయిటర్‌కి ఆ డబ్బు మీ చేత్తో ఇవ్వండి.

మంగళగిరి_మధు

అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. ప్లాన్ ఇలా అనుకుంటున్నాం. అమీర్‌పేటలో గది. శనివారం మధ్యాహ్నం జూబ్లీహిల్స్‌లో ఒక బ్రూపబ్, సాంప్లర్, అపోలో ఫిష్. సాయంత్రం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి చూసి, ఇంకో బ్రూపబ్. రాత్రి జొన్నరొట్టె, నాటుకోడి. ఆదివారం సలీం భాయ్ చెప్పినట్టు పాతబస్తీ. ఏమైనా మార్చాలా?

బార్లీగింజ

సాయంత్రం బ్రూపబ్ తీసేయండి. ఒకే చోట నింపాదిగా కూర్చోండి, నచ్చిన బీరు ఒక పెద్ద గ్లాసు తెప్పించుకోండి, మధ్యమధ్యలో నీళ్లు తాగుతుండండి. రెండో చోటికి వెళ్లేసరికి నాలుక అలిసిపోతుంది, రాత్రి నాటుకోడి రుచి తెలియదు.

షాలిబండ_సలీం

ఆదివారం పొద్దున పాయా, మధ్యాహ్నం బిర్యానీ రెండూ అంటే మధ్యలో బాగా నడవాలి. లాడ్ బజార్‌లో భాభీకి గాజులు చూపించండి, మక్కా మసీదు చూడండి. ఆకలి దానంతట అదే వస్తుంది.

మంగళగిరి_మధు

వెళ్లొచ్చాం. ముందుగా మీ అందరికీ దండాలు.

మధ్యాహ్నం వెళ్లడం ఎంత మంచి సలహానో అక్కడ కూర్చున్నాక తెలిసింది. హాలు సగం ఖాళీ, పాటలు చిన్నగా. సాంప్లర్ తెప్పించాం. హెఫెవైజన్ ముక్కు దగ్గర పెట్టుకుని మా ఆవిడ కూడా "నిజంగానే అరటిపండు" అంది. లాగర్ ఉందా అని అడిగితే వెయిటర్ కాస్త ఆశ్చర్యంగా చూశాడు. ఉందన్నాడు, రెండు రోజుల కిందటే ట్యాప్ మీదకి వచ్చిందట. బంగారు రంగు, అద్దంలా తేటగా ఉంది. తాగితే ముందు రొట్టె వాసన లాంటిది, తర్వాత చిన్న చేదు, ఆ తర్వాత నోరు శుభ్రం. ఇన్నాళ్లూ సీసాలో తాగింది కూడా లాగరేనని బావమరిది చెబితే నమ్మలేకపోయాను. వాడు తన స్టౌట్ పక్కన పెట్టేసి లాగరే ఇంకోటి తెప్పించుకున్నాడు.

అపోలో ఫిష్ మూర్తి గారు చెప్పినట్టే, గిన్నె అడుగున నూనె లేదు. ఆవిడ రెండో ప్లేటు చెప్పింది. మెజెస్టిక్ మాత్రం కాస్త గట్టిపడింది.

లత గారూ, సర్వపిండి దొరికింది. లాగర్‌తో కాదు, రాత్రి భోజనంలో. మీరు చెప్పిన జంట ఇంట్లోనే కుదుర్చుకోవాలి. మా ఆవిడ ఎలా చేస్తారో వంటాయన్ని అడిగి రాసుకుంది.

సలీం భాయ్, పాయా గురించి మీరు రాసింది తక్కువే.

మారేడ్‌పల్లి_మూర్తి

చాలా సంతోషం బాబూ. మెజెస్టిక్ గట్టిపడిందంటే ముందే వేయించి పెట్టిన ముక్కల్ని మళ్లీ తిప్పి ఉంటారు. మధ్యాహ్నం తొలి గంటలో కొన్నిసార్లు ఈ ఇబ్బంది ఉంటుంది. "తాజాగా వేయించి తెండి, ఆలస్యమైనా ఫర్వాలేదు" అని ముందే చెబితే సరిపోతుంది.

తార్నాక_రవళి

ఈ చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. మేం నలుగురం, కాలేజీ స్నేహితురాళ్లం, వినాయక చవితి తర్వాత వారాంతంలో కలుస్తున్నాం. ఇద్దరు వైజాగ్ నుంచి వస్తున్నారు. ఆ టైములో ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

గచ్చిబౌలి_నైట్‌షిఫ్ట్

ముందు నిమజ్జనం తేదీ చూసుకోండి రవళి గారూ. ఆ రోజుల్లో పోలీసు కమిషనర్ల ఉత్తర్వుతో వైన్‌షాపులు, బార్లు మూసేస్తారు, ట్యాంక్‌బండ్ వైపు రోడ్లన్నీ ఊరేగింపులతో నిండిపోతాయి. శ్రీరామనవమి శోభాయాత్ర, హనుమాన్ జయంతి, బోనాలు, హోలీ అప్పుడు కూడా ఇలాగే. ఆగస్టు 15, అక్టోబరు 2 ఎలాగూ డ్రై డేలే. ఎన్నికలుంటే పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు కూడా అంతే.

హన్మకొండ_లత

అందరూ ఏదో ఒక గుర్తింపు కార్డు తెచ్చుకోండి. తెలంగాణలో 21 ఏళ్లు నిండితేనే పోస్తారు, చిన్నగా కనిపిస్తే గేటు దగ్గరే అడుగుతారు. మధ్యాహ్నం టేబుల్ అయితే ట్యాంకులు కనిపించే వైపు అడగండి, అక్కడ స్పీకర్లు దూరంగా ఉంటాయి. వైజాగ్ వాళ్లకి చేప కొత్త కాదు కాబట్టి బోటి, గుడాలు ఉన్న చోటు వెతకండి.

బార్లీగింజ

ఆ సీజన్‌లో కొన్ని చోట్ల ముదురు రంగు లాగర్లు వస్తాయి రవళి గారూ. తేదీ ఖాయం కాగానే ఇక్కడ రాయండి. రెండు మూడు చోట్లకి ఫోన్ చేసి, ఆ వారం ట్యాప్ మీద ఏమున్నాయో కనుక్కుని చెబుతాను.